నాకు కొత్త మాటలు దొరికిన చోట్లు

"అరుదైన తెలుగు పదాలు నేర్చుకోవడంలో నిజంగా ఆనందం ఉంటుందా? ఉంటే వాటిని ఎక్కడ వెతకాలి?" అని అడిగారు. ఉంటుంది, చాలా ఉంటుంది. నాకైతే ఆ ఆనందం ఎక్కువగా పనిచేసుకునే మనుషుల దగ్గర దొరికింది. బ్యాంకులో పంట రుణాలు, చేనేత రుణాలు చూసే ఉద్యోగం నాది. పుట్టింది కృష్ణా జిల్లాలో. పోచంపల్లి వైపు కొన్నేళ్లు, తర్వాత కర్నూలు జిల్లాలో కొన్నేళ్లు పనిచేశాను. నాకు తెలుగు బాగా వచ్చనే అనుకునేవాణ్ణి, కానీ ఈ రెండు చోట్లా నేను విన్న మాటల్లో సగం అంతకుముందు ఎప్పుడూ వినలేదు.

పోచంపల్లి చీర మీద కనిపించే బొమ్మ నేత అయ్యాక అద్దింది కాదు. నేయకముందే నూలుని కొంచెం కొంచెంగా పట్టి, రంగు ఎక్కకూడని చోట బిగించి కట్టి, అప్పుడు రంగులో ముంచుతారు. ఆ కట్టే పనిని అక్కడ చిటికి కట్టడం అంటారు. దానికంటే ముందు పేక దారాన్ని, అంటే బట్టలో అడ్డంగా పోయే దారాన్ని, వరసగా ఉన్న మేకుల మీదుగా అటూ ఇటూ తిప్పి పోసుకోవాలి. అది ఆసు పోయడం. ఒక ఇంట్లో ఇదేం పనమ్మా అని అడిగితే "ఆసు తెల్వదా సారూ?" అని పెద్దావిడ ఆశ్చర్యపోయింది. పీట వేసి కూర్చోబెట్టి, మొత్తం చేసి చూపించింది. ఒక చీరకు చెయ్యి కొన్ని వేల సార్లు ఆడాలి. సాయంత్రానికి భుజం లాగేస్తుంది. చింతకింది మల్లేశం గారు తన తల్లి పడే ఈ బాధ చూడలేకే ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చిందని చదివినప్పుడు, ఆ వార్తలో ఆసు అన్న చిన్న మాట దగ్గరే ఆగిపోయాను. ఆ పని ఎంతసేపు పడుతుందో, ఎక్కడ నొప్పి పెడుతుందో కళ్లారా చూశాను కదా.

ఇప్పుడు చీరల దుకాణానికి వెళ్తే నా చూపు ముందు అంచు మీదకి పోదు. చిటికి పేకలో మాత్రమే ఉందా, నిలువు దారాలైన పడుగులో కూడా ఉందా అని చూస్తాను. రెండింట్లోనూ ఉంటే, నేసేటప్పుడు పడుగు మీది రంగూ పేక మీది రంగూ సరిగ్గా ఒకే చోట కలవాలి. అది ఎంత కష్టమో తెలిశాక ధర ఎక్కువైందని బేరమాడబుద్ధి కాదు.

కర్నూలు వైపు మాటల రుచి వేరు. మేం వేరుశనగ అనేదాన్ని, తెలంగాణలో పల్లీ అనేదాన్ని అక్కడ బుడ్డలంటారు. ఇలాంటి తేడాలు అందరికీ తెలిసినవే. నాకు ఎక్కువ నచ్చినవి పనిముట్ల భాగాల పేర్లు. విత్తనం వేసే గొర్రు మీద ఒక కొయ్య గిన్నె ఉంటుంది. దాని అడుగున బెజ్జాలు, బెజ్జాలకి వెదురు గొట్టాలు. వెనకే నడిచే ఆడవాళ్లు గింజల్ని ఆ గిన్నెలోకి వదులుతుంటే గొట్టాల గుండా చాళ్లలోకి జారతాయి. ఆ గిన్నె పేరు జడ్డిగం. దూరం నుంచి ఎన్నోసార్లు చూశాను గానీ, దానికో పేరుందని తెలిసేదాకా అది నాకు గొర్రులో ఒక భాగమని కూడా తోచలేదు. పేరు తెలిశాక గింజ చేతిలోంచి ఎంత సమంగా జారాలో, ఒక్క వేలు తడబడితే ఆ చాలులో ఎలా ఖాళీ పడుతుందో గమనించడం మొదలుపెట్టాను.

ఇక పదును. పట్నం పిల్లలకి పదును అంటే కత్తి గుర్తొస్తుంది. రైతుకి అది నేలలో ఉండే సరైన తడి. నల్లరేగడిలో తడి ఎక్కువైతే మట్టి గొర్రుకి అంటుకుని కదలనివ్వదు. ఆరిపోతే నేల గట్టిపడి గింజ మొలవదు. మధ్యలో ఉండేది కొద్ది రోజులే. "పదునుంది సార్, రేపు గొర్రు కట్టాల" అని రైతు తొందరపెడితే, అప్పు కాగితాలు ఆ సాయంత్రానికే ఎందుకు పూర్తి కావాలో వేరే వివరణ అక్కర్లేదు. అదనూ పదునూ అని మనం జంటగా వాడే మాటలో మొదటిది కాలం, రెండోది తడి. రెండూ కలిసిన రోజే విత్తనం పడుతుంది. ఇంత వ్యవసాయాన్ని రెండు మాటల్లో పెట్టుకున్న భాష మనది. నాకు దాని మీద ప్రేమ పెరిగింది ఇలాంటి చోటే.

మా ఆఫీసు కాగితాల్లోనూ వింతలున్నాయి. పొలం వివరాలు రాసే రికార్డు తెలంగాణలో పహాణీ, ఆంధ్రలో అడంగల్. జమ, ఖర్చు, బాకీ, వసూలు, జామీను లాంటివి అరబీ, ఫారసీల నుంచి వచ్చి, ఇక్కడే కాపురం పెట్టి అచ్చం మన మాటలైపోయాయి.

వెతకడం గురించి అడిగారు కాబట్టి ఒక పుస్తకం చెప్పాలి. భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో తెచ్చిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం మొత్తం వ్యవసాయ పదాలే. తర్వాత 1971లో చేనేత సంపుటం వచ్చింది. ఊళ్లు తిరిగి, ఆ పని చేసేవాళ్లనే అడిగి పోగుచేసిన మాటలవి. నేను విన్న మాట అందులో కనిపించినా, పక్క జిల్లాలో అదే వస్తువుకి ఇంకో పేరుందని తెలిసినా ఆ పూటంతా హుషారుగా ఉంటుంది. ఫోన్‌లో చూసుకోవాలంటే ఆంధ్రభారతి సైట్‌లో చాలా నిఘంటువుల్ని ఒకేసారి వెతకొచ్చు.

రోజుకో పదం అని జాబితా పెట్టుకుని బట్టీ పట్టే పద్ధతి మాత్రం నేను చెప్పను. ఎదురుగా వస్తువో పనో లేని మాట నాకు వారం కూడా నిలవదు. గంభీరంగా వినిపిస్తుందని ఏరుకున్న సమాసాలూ అంతే, ఉపన్యాసం అవగానే మర్చిపోతాం. మా పాపకి కొలతల మాటలు వంటింట్లోనే వచ్చాయి. చిటికెడు ఉప్పు, పిడికెడు బియ్యం, చారెడు పప్పు, దోసెడు పూలు. అరచేయి గుంటగా పడితే అది పుడిసిలి, అందులో పట్టేవి పుడిసెడు నీళ్లు అని చెబితే, తను రోజంతా కుళాయి దగ్గరే ఉంది.

మీరు మొదలుపెట్టాలనుకుంటే, ఇంటికి వడ్రంగి వచ్చినప్పుడు పక్కన నిలబడి ఒక్కో పనిముట్టుని చూపించి "దీన్ని మీరేమంటారు?" అని అడగండి. ఉలి మీకు తెలుసు. కొయ్యని చెక్కే బాడిస తెలియకపోవచ్చు. చెక్కని నున్నగా చేసే చిత్రిక చూపించమని అడిగి, చిన్న ముక్క మీద మీరే పట్టి చూడండి. పొరలు పొరలుగా లేచే ఆ చెక్క పొట్టు చూశాక, ఒక కథ గురించి "బాగా చిత్రిక పట్టిన వాక్యాలు" అని ఎవరైనా రాస్తే, ఏం చేశారని మెచ్చుకుంటున్నారో మీకు వెంటనే తెలుస్తుంది. విన్న మాట పక్కన ఊరి పేరు కూడా రాసుకోండి. తర్వాత ఇంకో ఊళ్లో అదే వస్తువుకి వేరే పేరు వినబడినప్పుడు పోల్చి చూసుకోవడానికి అది పనికొస్తుంది.