మస్టరులో లేని పేరు

"విశాలాంధ్ర పత్రిక ఎప్పుడు, ఎందుకు పెట్టారు? అది నిజంగా అభ్యుదయ పత్రికేనా, లేక పార్టీ కరపత్రమా?" అని అడిగారు. మా నాయన బేతంచెర్లలో దర్జీ. మా ఊళ్లో ఆ పత్రికకు ఏజెంటూ ఆయనే, విలేకరీ ఆయనే. అందుకే ఈ ప్రశ్న చూసి ఊరుకోలేకపోయాను.

1952 జూన్ 22న విజయవాడలో మొదలైంది. అంతకుముందు కమ్యూనిస్టులకు ప్రజాశక్తి పత్రిక ఉండేది, 1948లో నిషేధం వల్ల ఆగిపోయింది. పేరు ఒకసారి గమనించండి. విశాలాంధ్ర అంటే తెలుగువాళ్లంతా ఒకే రాష్ట్రంగా ఉండడం. అప్పటికి మనకు ప్రత్యేక రాష్ట్రమే లేదు, మద్రాసులో ఉన్నాం. కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది 1953 అక్టోబరు 1న, ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది 1956 నవంబరు 1న. ఇంకా పుట్టని రాష్ట్రాన్ని నాలుగేళ్ల ముందే పత్రిక పేరుగా పెట్టుకున్నారు. ఆ ధైర్యం నాకిష్టం.

పార్టీ పత్రికే, అందులో దాచేదేమీ లేదు. 1964లో కమ్యూనిస్టు పార్టీ చీలాక సీపీఐ వైపు ఉండిపోయింది. ఎమర్జెన్సీని సీపీఐ సమర్థించింది. అది తప్పేనని నాయన చివరిదాకా బాధపడ్డాడు. రాఘవాచారి గారు మూడు దశాబ్దాలకు పైగా సంపాదకుడిగా ఉన్నారు. ఆయన సంపాదకీయాలను నాయన మిషను పక్కన పెట్టుకుని, కాజాలు కుట్టుకుంటూ చదివేవాడు.

కానీ ఆ పత్రిక ఎలాంటిదో నాకు తెలిసింది సంపాదకీయాల వల్ల కాదు. 1984 ఎండాకాలం, నేను ఏడో తరగతి. మా ఊరి చుట్టూ అన్నీ నాపరాయి గనులే. ఒక గనిలో బండ విరిగిపడి ఒక కూలీ చనిపోయాడు. "మా మస్టరులో అతని పేరే లేదు, వాడు మా కూలీ కాదు" అన్నాడు కాంట్రాక్టరు. మస్టరు అంటే కూలీల హాజరు పట్టీ. వేరే పత్రికలో రెండు లైన్లు వచ్చింది: గనిలో కూలీ మృతి. అంతే. నాయన రాత్రంతా కూర్చుని రాసి పొద్దున్నే పోస్టు చేశాడు. మీటర్ గేజ్ రైల్లో బెజవాడ పేపరు మాకు వచ్చేసరికి ఎప్పుడూ ఆలస్యమే. నాలుగో రోజు వచ్చింది వార్త. అతని పేరు, వాళ్ల ఊరు, రోజు కూలి, ఎన్నేళ్లుగా ఆ గనిలో పనిచేస్తున్నాడో, ఎంతమంది పిల్లలో, అన్నీ వేశారు. ఒక్క ముక్క కొయ్యలేదు.

సాయంత్రం అతని భార్య అంగడికొచ్చింది. "ఏమని రాసినారన్నా?" అనింది. నాయన చదివాడు. "ఇంగొకసారి సదువన్నా" అనింది. మళ్లీ చదివాడు. తర్వాత "ఆయప్ప పేరు యాడుండాది?" అని అడిగితే ఆమె వేలు పట్టుకుని ఆ అక్షరాల మీద పెట్టాడు. చాలాసేపు వేలు తియ్యలేదామె. నేను కాజాల సూది పట్టుకుని అట్లే నిలబడిపోయాను.

అభ్యుదయ పత్రిక అంటే నా లెక్కలో అదే. ఎవరేమన్నా నేను ఒప్పుకోను. ఇప్పుడు జిల్లా పేజీలు తెరిస్తే నాయకుల పుట్టినరోజు శుభాకాంక్షలు, ప్లాట్ల ప్రకటనలు. మండల విలేకరికి జీతం సరిగా ఇవ్వరు గానీ పండగొస్తే ఇన్ని ప్రకటనలు తేవాలని టార్గెట్ పెడతారు. ఎవరి దగ్గర ప్రకటన తెచ్చాడో వాళ్ల గని గురించి ఆ పిల్లోడు ఏం రాస్తాడు చెప్పండి? ఇది నాకు చాలా బాధగా ఉంటుంది.

ఆమెకు పరిహారం వచ్చిందా అంటే, రాలేదు. ఆ దసరాకు కాంట్రాక్టరు ఇంటి నుంచి మాకు కుట్టడానికి బట్టలు కూడా రాలేదు. ప్రతి ఏడూ పదహైదు జతల దాకా వచ్చేవి. మా అమ్మ ఒకటే గొణుగుడు. నాయన మాత్రం సైకిలు తీసుకుని, పత్రిక చందా వసూలుకు బయలుదేరాడు.