ఎండ చూపిస్తే కామెర్లు తగ్గుతాయా?

ప్రశ్న: డాక్టరు గారూ, మా పాప పుట్టి నాలుగు రోజులైంది. 2.8 కిలోలతో పుట్టింది, నిన్న ఆశా కార్యకర్త తూస్తే 2.6 ఉంది. కళ్లు, ముఖం పచ్చబడ్డాయి. పొద్దుటి ఎండలో పడుకోబెడితే చాలని అత్తయ్య అంటున్నారు. టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం అందిన రోజే ఫోన్లో చెప్పాను. ఇలాంటి విషయం పత్రిక వచ్చేదాకా ఆగదు. మిగతా తల్లుల కోసం మళ్లీ రాస్తున్నాను.

బరువు గురించి బెంగ వద్దు. తొలి రోజుల్లో పదో వంతు లోపు తగ్గడం మామూలే, రెండు వారాల్లో మళ్లీ వస్తుంది.

కామెర్లు చాలామంది పిల్లల్లో రెండో మూడో రోజున మొదలై వాటంతట అవే పోతాయి. కానీ ఎండను నమ్ముకోకండి. ఎండలో బిడ్డ ఒళ్లు కందిపోతుంది, పైగా వైద్యం ఆలస్యమవుతుంది. పచ్చదనం ఎంతుందో కంటితో కచ్చితంగా చెప్పడం నాకే కష్టం. ఒంటికి ఆ పచ్చరంగు తెచ్చే బిలిరుబిన్ అనే పదార్థం ఎంతుందో పరీక్ష చేయించాల్సిందే. అది హద్దు దాటితే నీలికాంతి కింద ఉంచుతాం. వదిలేస్తే మెదడు, వినికిడి దెబ్బతినవచ్చు.

పుట్టిన 24 గంటల్లోపే పచ్చబడినా, అరచేతులు, అరికాళ్ల దాకా పాకినా, బిడ్డ మత్తుగా ఉండి పాలు తాగకపోయినా రాత్రయినా సరే ఆస్పత్రికి వెళ్లండి. మీది నెగెటివ్ గ్రూపు రక్తమైతే ఆ మాట ముందే చెప్పండి.

రోజుకు ఎనిమిది నుంచి పన్నెండుసార్లు చనుబాలు పట్టండి. పంచదార నీళ్లు, తేనె వద్దు.