టెలిగ్రామ్ బాట్‌లో బటన్ నొక్కితే లోడింగ్ తిరుగుతూనే ఉంటోంది, ఎందుకు?

నొక్కిన సంగతి మీ బాట్‌కి చేరింది కానీ "అందింది" అని అది తిరిగి చెప్పలేదు, అంతే. యూజర్‌కి చూపించాల్సిన మాట ఏమీ లేకపోయినా సరే, నొక్కిన ప్రతిసారీ టెలిగ్రామ్ బాట్ ఏపీఐలోని ఆన్సర్ కాల్‌బ్యాక్ క్వెరీ (answerCallbackQuery) మెథడ్‌ని పిలవండి, ఆ తిరగడం ఆగిపోతుంది.

ఇది ఇన్‌లైన్ బటన్లకే. టైప్ చేసే చోట వచ్చే రిప్లై కీబోర్డ్ వేరు, అక్కడ బటన్ మీదున్న మాటే యూజర్ పంపిన మెసేజ్‌గా చాట్‌లో పడుతుంది. ఇన్‌లైన్ బటన్ మెసేజ్ కిందే ఉంటుంది, నొక్కితే చాట్‌లో ఏమీ పడదు, మీరు దాని వెనక దాచిన కాల్‌బ్యాక్ డేటా మాత్రం బాట్‌కి వెళ్తుంది.

తెలుగులో బాట్ చేసేవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు. ఆ డేటాకి పరిమితి 64 బైట్లు, అక్షరాలు కాదు. అక్షరాల్ని బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో మన అక్షరానికి 3 బైట్లు, గుణింతానికి ఇంకో 3, ఒత్తు కలపడానికి వాడే పొల్లుకి మరో 3, కాబట్టి "స్త్రీ" అనే ఒక్క మాటకే 18 బైట్లు అయిపోతాయి. బటన్ మీద హాయిగా తెలుగు రాయండి, వెనక మాత్రం చిన్న అంకె పెట్టి, దాని అర్థం మీ డేటాబేస్‌లో దాచుకోండి.

ఒకసారి ఎంచుకున్నాక పాత బటన్లు తీసేయండి, లేకపోతే జనం పైకి జరిపి మళ్లీ నొక్కుతారు. టైప్ చేసి జవాబిచ్చినా బాట్ అర్థం చేసుకోవాలి, దయచేసి ఇది మాత్రం వదిలేయకండి. రేపు ఇదే వాట్సాప్‌కి మార్చాలనుకుంటే అక్కడ ఒక మెసేజ్‌కి 3 రిప్లై బటన్లే, అంతకంటే ఎక్కువ కావాలంటే ఎంపికల్ని జాబితాగా చూపించే లిస్ట్ మెసేజ్ వాడాలి.