హార్ట్స్ కొండలు: మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన సంచికలో జర్మనీ నడిమధ్యన ఉన్న హార్ట్స్ కొండల గురించి నాలుగు మాటలు రాస్తే, ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం వాటి గురించే. పదిహేడేళ్ల క్రితం క్లౌస్టాల్‌లో చదువుకోవడానికి వచ్చాను. చదువయ్యాక ఆ కొండల కిందే, గోస్లార్‌లో ఉండిపోయాను. అందుకే ఈసారి మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను.

మా అబ్బాయి మాగ్డెబుర్గ్‌లో ఎం.ఎస్. చేస్తున్నాడు. జూన్‌లో మేమిద్దరం వెళ్తున్నాం. బ్రొకెన్ కొండ ఎక్కిస్తానంటున్నాడు. నాకు మోకాళ్ల నొప్పులు, మా వారికి షుగరు. మావల్ల అవుతుందా?
– ఒక తల్లి, తెనాలి

అమ్మా, మీరు ఎక్కక్కర్లేదు, రైలే ఎక్కిస్తుంది. బ్రొకెన్ ఎత్తు 1141 మీటర్లు, ఉత్తర జర్మనీలో అంతకంటే ఎత్తయిన కొండ లేదు. వెర్నిగెరోడే అనే ఊరి నుంచి పై దాకా ఆవిరి బండి వెళ్తుంది. అచ్చంగా మన పాత మీటర్ గేజ్. గుంటూరు–మాచర్ల బండి ఎక్కిన వాళ్లయితే ఆ ఊపు, ఆ బొగ్గు వాసన మీకు ఇట్టే గుర్తొస్తాయి. చివర్లో శిఖరం చుట్టూ ఒకటిన్నర చుట్టు తిరిగి స్టేషన్ చేరుతుంది. టికెట్ ఖరీదే. అయినా మీ వయసులో ఆ డబ్బు దండగ కాదు.

ఒక్క జాగ్రత్త. ఆ శిఖరం మీద ఏడాదిలో మూడు వందల రోజుల దాకా ఎప్పుడో ఒకప్పుడు పొగమంచు కమ్ముతుంది. టికెట్ ముందే కొనేయకుండా, ఆ రోజు పొద్దున్నే కొండ మీది వెబ్‌క్యామ్ చూడమనండి మీ అబ్బాయిని. తెల్లగా తప్ప ఏమీ కనిపించకపోతే ఆ రోజుకి వదిలేయండి. జూన్ అయినా సరే, స్వెటర్లు, చెవులకి కట్టుకోవడానికి ఏదైనా మర్చిపోవద్దు. ఆయన సంచిలో బిస్కెట్ ప్యాకెట్ కూడా ఉంచండి.

కానీ నన్నడిగితే, మీరు తప్పకుండా చూడాల్సింది ఇంకోటి ఉంది. ఓడర్‌టైష్ అని ఒక చెరువు. 1715లో మొదలుపెట్టి 1722లో కట్టడం పూర్తి చేశారు. అక్కడి నుంచి సాంక్ట్ ఆండ్రేయస్‌బెర్గ్ అనే ఊరికి కొండవాలునే ఒక కాలువ వెళ్తుంది. పేరు రేబెర్గర్ గ్రాబెన్. గ్రాబెన్ అంటే కాలువే. పొడవు సుమారు ఏడు కిలోమీటర్లు. ఆ రోజుల్లో ఇక్కడ వెండి గనులుండేవి. గనుల్లో ఊరే నీళ్లు తోడటానికి పెద్ద పెద్ద నీటి చక్రాలు తిరగాలి, చక్రాలు తిరగాలంటే పైనుంచి నీళ్లు రావాలి. అందుకని కొండల నిండా చెరువులు తవ్వి, కాలువలు తీశారు. ఆ మొత్తం ఏర్పాటు 2010 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది. మీ మోకాళ్లకి కలిసొచ్చే సంగతేమిటంటే, కాలువలో నీళ్లు నెమ్మదిగా పారాలి కాబట్టి గట్టు దాదాపు సమంగా ఉంటుంది. ఎక్కుడూ లేదు, దిగుడూ లేదు.

మా నాన్న కృష్ణా కాలువల మీద లస్కరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆయన వచ్చినప్పుడు బ్రొకెన్ తీసుకెళ్తే, గాలికి చెవులు మూసుకుని "బాగుంది, పోదాం పద" అన్నారు, అంతే. మర్నాడు ఈ గట్టు మీదికి తీసుకొచ్చాను. పది అడుగులు వేశారో లేదో, వంగి నీళ్లలో చెయ్యి పెట్టారు. నీళ్లు పలచటి టీ డికాషన్ రంగులో ఉంటాయి, పైన బురద నేలల్లో కుళ్లిన నాచు మీదుగా వస్తాయి మరి. ఒక ఎండుటాకు నీళ్లలో వేసి దాని పక్కనే నడిచారు. కొంత దూరం పోయాక "వాటం భలే ఇచ్చార్రా" అన్నారు. ఒకచోట కాలువ మీద బండరాళ్లు పరిచి ఉంటే, ఎందుకని అడిగారు. మంచు పడి కాలువ పూడకుండా, నీళ్లు గడ్డ కట్టకుండా అలా కప్పేవారు, రాళ్లు లేని చోట కొమ్మలు పరిచేవారు అని చెప్పాను. దారి మధ్యలో ఒక పాత ఇల్లు వస్తుంది. కాలువ చూసుకునే మనిషి ఉండటానికి కట్టిన ఇల్లు అది, ఇప్పుడు హోటల్. ఆ మాట చెప్పగానే ఆయన ఆగిపోయారు. "అంటే ఇక్కడా లస్కరుండేవాడన్నమాట" అన్నారు. ఆ ఇంటి గోడ మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డారు. తర్వాత లోపలికెళ్లి కాఫీ తాగాం.

కారుంటే ఓడర్‌టైష్ పక్కనే పార్కింగ్ ఉంది. నడవగలిగినంత నడవండి, అలసట అనిపించిన చోట వెనక్కి తిరగండి.

అన్నా, ఫొటోల్లో పచ్చటి అడవి చూసి వెళ్లాను. తీరా చూస్తే కొండలకి కొండలే ఎండిపోయి, బూడిద రంగు మోడులు. చాలా డిజప్పాయింట్ అయ్యాను. ఇక హార్ట్స్‌లో చూడటానికి ఏముంది?
– ఒక విద్యార్థి, మాగ్డెబుర్గ్

తమ్ముడూ, ఆ బాధ నాకు తెలుసు. నేను వచ్చిన కొత్తలో టోర్ఫ్‌హౌస్ అనే చిన్న ఊరి నుంచి బ్రొకెన్ వైపు నడిస్తే నడి మధ్యాహ్నం కూడా చీకటిగా ఉండేది. ఆ చెట్లు నా కళ్ల ముందే పోయాయి. కానీ అవి ఎందుకు పోయాయో తెలిస్తే నువ్వు ఆ కొండల్ని చూసే తీరు మారుతుందని నా నమ్మకం.

అవి స్ప్రూస్ చెట్లు. సహజంగా అవి ఎక్కువగా పెరిగేది బాగా ఎత్తులోనే. కింది వాలుల్లో ఉండాల్సింది బీచ్ చెట్లు. గనులకి కలప కావాలి, వెండి కరిగించడానికి బొగ్గు కావాలి. పాత అడవి నరికేసి, తొందరగా, నిటారుగా పెరిగే స్ప్రూస్‌ని మన సరుగుడు తోటల్లా వరసలుగా నాటారు. 2018 నుంచి వరసగా వానల్లేని వేసవులొచ్చాయి. స్ప్రూస్ బెరడు కింద ఒక పురుగు తొలుస్తుంది. దాని పొడవు ఐదు మిల్లీమీటర్లు. బలమైన చెట్టు జిగురు కార్చి దాన్ని ముంచేస్తుంది. దాహంతో ఉన్న చెట్టుకి ఆ జిగురే ఉండదు. ఒకే జాతి చెట్లు, ఒకే వయసు చెట్లు, పక్కపక్కనే. ఇక ఆపేదేముంది?

ఈసారి వెళ్తే రాలిపడిన బెరడు ముక్క ఒకటి తిరగేసి చూడు. మధ్యలో నిలువుగా ఒక గీత, దానికి రెండు పక్కలా సన్నటి గీతలు దగ్గర దగ్గరగా ఉంటాయి. తాటాకు మీద గంటంతో రాసినట్టే ఉంటుంది. తల్లి పురుగు నిలువు గీత తొలుస్తూ గుడ్లు పెడుతుంది, పిల్లలు పక్కలకి తొలుచుకుంటూ పోతాయి. జర్మన్లు ఈ పురుగుని 'అచ్చు వేసేవాడు' అని పిలుస్తారు.

నేషనల్ పార్కులో మోడుల్ని చాలాచోట్ల కావాలనే వదిలేశారు. అడవిని అడవికే వదలాలన్నది అక్కడి విధానం. నేను మొదట్లో ఒప్పుకోలేదు. ఇప్పుడు ఒప్పుకుంటాను. మోడుల నీడలో, పడిపోయిన దుంగల తడిలో రోవన్, బర్చ్ మొక్కలు లేచాయి, కొన్ని నన్ను దాటి పెరిగాయి. సెప్టెంబర్‌లో వెళ్లు, రోవన్ చెట్ల నిండా ఎర్రటి పళ్ల గుత్తులుంటాయి. వడ్రంగి పిట్టల చప్పుడు వినబడుతుంది. ఒక అడవి పుట్టడం చూసే అవకాశం మన జీవితంలో ఇంకెక్కడొస్తుంది? కాబట్టి డిజప్పాయింట్ అవ్వొద్దు, ఏడాదికోసారి ఒకే చోట నిలబడి ఫొటో తీసి పెట్టుకో.

రెండు మాటలు మాత్రం గట్టిగా చెబుతున్నాను. గాలి ఎక్కువగా ఉన్న రోజు మోడుల మధ్యకి వెళ్లొద్దు, చప్పుడు లేకుండా విరిగి పడతాయి. అడవిలో సిగరెట్, స్టవ్ అసలు వద్దు. 2022 సెప్టెంబర్‌లో బ్రొకెన్ పక్కనే అడవి అంటుకుని రోజుల తరబడి మండింది.

నవంబర్‌లో ముగ్గురం ఫ్రెండ్స్ బ్రొకెన్ ట్రెక్ ప్లాన్ చేశాం. స్పోర్ట్స్ షూ సరిపోతాయా?
– హనోవర్ నుంచి

సరిపోవు. నేను మొదటి ఏడాది అదే తప్పు చేశాను. ఒంటిగంటకి టోర్ఫ్‌హౌస్‌లో బయల్దేరాం. అక్కడి నుంచి పైకి ఎనిమిది కిలోమీటర్లు. పైకి చేరేసరికి మూడున్నర దాటింది, పొగమంచులో పక్కవాడి బ్యాగ్ కనబడలేదు. నాలుగుంపావుకి పొద్దుగూకిపోయింది. దిగేటప్పుడు రెండు జర్మనీల మధ్య ఉండిన పాత సరిహద్దు దారి ఒకటుంటుంది, తూర్పు జర్మనీ సైనికుల బళ్ల కోసం వేసిన కాంక్రీట్ పలకలు, వాటి నిండా చిల్లులు. తడి ఆకుల కింద ఆ చిల్లు కనబడక నా స్నేహితుడి కాలు మడత పడింది. వాణ్ణి భుజం మీద ఆనించుకుని, తారురోడ్డు పట్టుకుని షీర్కే చేరేసరికి చివరి బస్సు వెళ్లిపోయింది. ఆ రాత్రి టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

పట్టున్న బూట్లు, తలకి కట్టుకునే లైటు, వానకోటు, పవర్ బ్యాంక్ ఉండాలి. పొద్దున తొమ్మిదికల్లా నడక మొదలుపెట్టండి. ఆపదొస్తే 112. ఆ పలకల మీద నడుస్తున్నప్పుడు ఒక్క నిమిషం ఆగండి. 1961 నుంచి ఆ శిఖరం మీదికి మామూలు మనుషుల్ని రానివ్వలేదు, చుట్టూ గోడ కట్టారు. 1989 డిసెంబర్ 3న జనం ఊరేగింపుగా వెళ్లి గేటు తెరిపించారు. మీరు నడిచేది వాళ్లు తెరిపించిన దారి.

కొండ మీద శాకాహారం దొరుకుతుందా?
– విజయవాడ నుంచి

పైన అందరూ తాగేది బఠాణీ సూపు. వేడిగా, చిక్కగా బాగుంటుంది, కానీ సాధారణంగా అందులో సాసేజ్ వేస్తారు. అది వెయ్యకుండా ఇమ్మన్నా, సూపు ఉడికించిన నీళ్ల సంగతి అడగాల్సిందే. పట్టింపు ఉన్నవాళ్లు పులిహోర కట్టుకెళ్లండి. చలికి అన్నం బిగుసుకుంటుంది, నూనె కాస్త ఎక్కువ వెయ్యండి.

అంకుల్, బ్రొకెన్ మీద దెయ్యం ఉందని మా అత్త చెప్పింది. నిజమేనా? సెలవుల్లో మేము అక్కడికి వెళ్తున్నాం.
– ఆరో తరగతి, హైదరాబాద్

బంగారూ, ఉంది, నేను చూశాను. అది నీ నీడే! సూర్యుడు నీ వెనక తక్కువ ఎత్తులో ఉండాలి, ముందు నీకంటే కిందగా పొగమంచు ఉండాలి. అప్పుడు నీ నీడ నేల మీద కాకుండా మంచులో పడుతుంది. చాలా పొడుగ్గా, పెద్ద రాక్షసుడిలా కనిపిస్తుంది. మంచు కదిలితే అదీ కదులుతుంది, అందుకే పూర్వం జనం హడలిపోయేవారు. ఈ వింతకి ప్రపంచమంతా 'బ్రొకెన్ దెయ్యం' అనే పేరే పెట్టుకుంది.

శిఖరం మీదే ఒక హోటల్ ఉంది. అక్టోబర్‌లో ఒకసారి అక్కడ పడుకుని, పొద్దున్నే బయటికొస్తే కనబడింది. నేను చెయ్యెత్తితే అదీ ఎత్తింది. దాని తల చుట్టూ ఇంద్రధనుస్సు లాంటి చిన్న వలయం. పక్కనున్న మా ఆవిడకి చూపించబోతే "కాదు, వలయం నా నీడ తల చుట్టూ ఉంది" అంది. ఇద్దరం నిజమే చెప్పాం. ఆ రంగులు ఎవరి నీడ తల చుట్టూ వాళ్లకే కనిపిస్తాయి.

దెయ్యం కనబడకపోయినా ఖాళీ చేతుల్తో రావు. హార్ట్స్ అంతటా 222 చోట్ల చిన్న పెట్టెల్లో స్టాంపులుంటాయి. ఒక పుస్తకం కొనుక్కుని, నడిచి వెళ్లిన చోటల్లా ముద్ర వేసుకోవచ్చు. పిల్లలకైతే పదకొండు ముద్రలకే బ్యాడ్జి ఇస్తారు. సిరా కొన్నిసార్లు ఎండిపోయి ఉంటుంది, చిన్న స్టాంప్ ప్యాడ్ ఒకటి బ్యాగులో వేసుకెళ్లు.