మా పల్లె సంగతి పక్క ఊరి కైఫియత్తులో దొరికింది

"మాది కడప జిల్లాలో చిన్న పల్లె. శాసనాల్లేవు, చెప్పే పెద్దవాళ్లూ పోయారు. ఊరి చరిత్ర ఎక్కడ వెతకాలి?" అని అడిగారు కదా. మాదీ ఆ జిల్లానే. నాలుగేళ్ల కిందట నేనూ ఇదే ప్రశ్నతో తిరిగాను. ముందు కడప ఎర్రముక్కపల్లెలో ఉన్న సి.పి. బ్రౌన్ గ్రంథాలయానికి వెళ్లండి. బ్రౌన్ దొర బంగళా ఉన్న చోటే కట్టారు దాన్ని. అక్కడ కైఫియత్తులు అడగండి.

కైఫియత్తు అంటే ఊరి వృత్తాంతం. ఈస్టిండియా కంపెనీలో సర్వే అధికారిగా పనిచేసిన కల్నల్ మెకంజీ తన మనుషుల్ని ఊరూరికీ పంపి, కరణాల దగ్గరున్న దండకవిలెలు (ఊరి పాత లెక్కల పుస్తకాలు) చూసి, పెద్దల్ని అడిగి రాయించాడు. ఆ పనిలో ఆయనకు కుడిభుజంగా ఉన్నవాళ్లు మన కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య. 1821లో మెకంజీ పోయాక ఆ సేకరణను కంపెనీ లక్ష రూపాయలకు కొనేసింది. కాగితాలు చివికిపోతుంటే బ్రౌన్ శుభ్రంగా నకళ్లు రాయించాడు. అవి మద్రాసు ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి. కడప జిల్లావి సంపుటాలుగా అచ్చయ్యాయి కాబట్టి మీకు మద్రాసు దాకా వెళ్లే పని ఉండకపోవచ్చు.

నేను చేసిన పొరపాటు చెబుతాను. మా పల్లె పేరుతో విషయసూచికంతా గాలించి, లేదనుకుని లేచి వచ్చేశాను. రెండోసారి వెళ్లినప్పుడు పక్కనున్న పెద్ద ఊరి కైఫియత్తు మొదటినుంచీ చదివాను. మజరా పల్లెల, అంటే పెద్ద ఊరికి అనుబంధంగా ఉండే చిన్న పల్లెల సంగతులు అందులోనే కలిపి రాస్తారని అప్పుడు అర్థమైంది. మా పల్లెకు దక్కింది ఏడు వాక్యాలే. అందులో ఒకటి, ఫలానా రెడ్డి చెరువు కట్టించినందుకు దశబంధం మాన్యం ఇచ్చారని. నాకు ఒళ్లు జలదరించింది. మా చెరువు కింద మూడెకరాల మడిని ఇప్పటికీ 'దసబందం' అనే అంటారు. ఎందుకంటారో మా నాన్నకూ తెలీదు. చెరువు కట్టించినవాళ్లకీ, దాన్ని బాగు చేయిస్తూ ఉండేవాళ్లకీ ఇచ్చే మాన్యాన్ని దశబంధం అనేవాళ్లట. ఆ సాయంత్రం నాన్నకు ఫోన్లో చదివి వినిపిస్తే, "మళ్లీ చదువురా" అన్నాడు.

అందుకే వెళ్లేముందు మీ పొలాల పేర్లు, వంకలు, కుంటలు, గుట్టలు, పాత గుళ్లు అన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. ఊరి పేరు మారినా మడి పేరు అంత తొందరగా మారదు. ఆ పేర్లే మీకు దారి చూపిస్తాయి.

చదివేటప్పుడు టెన్షన్ పడకండి. వాక్యాలు పేజీల తరబడి సాగుతాయి, చుక్కా కామా పెద్దగా ఉండవు. ఏళ్లు శక సంవత్సరాల్లోనో, ఫసలీల్లోనో (శిస్తు లెక్కల సంవత్సరం) ఉంటాయి. శక సంవత్సరానికి 78, ఫసలీకి 590 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. శక 1722 అన్నా, ఫసలీ 1210 అన్నా 1800 దగ్గరే, అంటే నిజాం ఈ సీమను కంపెనీకి అప్పగించిన ఏడు. రాజుల కాలం నాటి లెక్కలు మాత్రం శాసనాలతో సరిచూసుకోకుండా నమ్మొద్దు. మెకంజీ మనుషులు విన్నది విన్నట్టు రాశారు. చెరువులు, మాన్యాలు, పొలిమేరల సంగతి వేరు. అవి కరణాల లెక్కల్లో ఉన్నవి కాబట్టి నాకు వాటిమీద ఎక్కువ నమ్మకం.

మీ పల్లె చుట్టూ ఉన్న పెద్ద ఊళ్ల పేర్లు కింద రాయండి. నేను రాసుకున్న నోట్సులో ఉంటే చూసి చెబుతాను.