నాన్న పోయాక చర్చికి వెళ్లలేకపోతున్నాను

ప్రశ్న: నా వయసు 39. ఎనిమిది నెలల క్రితం నాన్న క్యాన్సర్‌తో పోయారు. సంఘమంతా ఉపవాసముండి ప్రార్థించింది, అయినా దక్కలేదు. ఆయన పోయిన మూడో వారం చర్చిలో ఒకావిడ ‘విశ్వాసంతో అడిగి ఉంటే బతికేవారు’ అన్నారు. అప్పటి నుంచి వెళ్లడం మానేశాను. ఫోన్‌లో లైవ్ పెట్టుకుంటాను, చాలాసార్లు మధ్యలోనే ఆపేస్తాను. మావారు పిల్లల్ని తీసుకెళ్తారు. ఈ మధ్య పద్నాలుగేళ్ల మా అబ్బాయి ‘అమ్మ రానప్పుడు నేనెందుకు’ అంటున్నాడు. ఆదివారం పొద్దున్నే ఇంట్లో గొడవ, టెన్షన్. దేవుడు ఇంట్లో ఉండడా? నమ్మకం సడలిపోయాక వెళ్లి కూర్చోవడం నటన కాదా?

జవాబు: అమ్మా, ముందు ఆవిడ అన్న మాట సంగతి. అది తప్పు. మీ విశ్వాసం చాలక మీ నాన్నగారు పోలేదు. బైబిల్లో, బిడ్డల్ని పోగొట్టుకుని యోబు అనే భక్తుడు బూడిదలో కూర్చున్నప్పుడు స్నేహితులు వచ్చి ఏడు రోజులు నోరు మెదపకుండా పక్కన కూర్చున్నారు. వాళ్లు చేసిన మేలు అదే. ‘నీలోనే ఏదో లోపం ఉంది’ అని వాదించడం మొదలుపెట్టాక ఆయన గాయం మరింత లోతైంది. యోబు గ్రంథం చివర దేవుని కోపం రగిలింది ఆ స్నేహితుల మీదే. ఆవిడ మాటను దేవుని మాటగా మోయకండి.

దేవుడు ఇంట్లో ఉండడా అని అడిగారు. ఉంటాడు. రాత్రి మీరొక్కరే ఏడుస్తున్నా వింటాడు. ఇంట్లో దొరకనిది వేరే ఉంది. మీ గొంతు పెగలనప్పుడు మీ పక్కన నిలబడి పాడే మనిషి అక్కడే ఉంటారు. బైబిల్లో హెబ్రీ పత్రిక, అంటే తొలినాటి విశ్వాసులకు రాసిన ఉత్తరం, 10వ అధ్యాయంలో ‘సమాజముగా కూడుట’ మానవద్దని ఉంది కదా, దాన్ని చాలామంది మందలించడానికే వాడతారు. నాకది బాధగా ఉంటుంది. అదే చోట ఒకరినొకరు ప్రేమకూ సత్కార్యాలకూ పురికొల్పుకోమని, ధైర్యం చెప్పుకోమని ఉంది. ఆ పత్రిక అందుకున్నవాళ్లు అవమానాలు పడ్డవాళ్లు, ఆస్తులు పోగొట్టుకున్నవాళ్లు. వాళ్లలోనూ కొందరు రావడం మానేశారు. అలసిపోయినవాళ్లకు రాసిన మాట అది.

2020లో చర్చిలు మూతపడినప్పుడు లైవ్ ఎందరినో నిలబెట్టింది. మంచం దిగలేనివారికి ఇప్పటికీ అది ఆధారమే. కానీ మీరు దాన్ని మధ్యలో ఆపేసిన సంగతి ఎవరికి తెలుస్తుంది? చర్చిలో ఎప్పుడూ మీరు కూర్చునే చోటు ఖాళీగా ఉంటే మాత్రం ఎవరో ఒకరు గమనిస్తారు.

ఇక నటన సంగతి. యేసు శిష్యుడు తోమాను గుర్తు చేసుకోండి. యేసు సమాధి నుంచి లేచిన ఆదివారం సాయంకాలం శిష్యులంతా తలుపులు మూసుకుని ఒకచోట ఉన్నారు. తోమా ఒక్కడే లేడు. యేసు వచ్చి వెళ్లాక మిగతావాళ్లు ‘ప్రభువును చూశాం’ అంటే, ఆయన సిలువ గాయాలను తాకితే తప్ప నమ్మనని తోమా అన్నాడు. నమ్మనన్న మనిషి మళ్లీ ఎందుకు రావాలి? అయినా ఎనిమిది రోజుల తర్వాత వాళ్లంతా మళ్లీ లోపల ఉన్నప్పుడు తోమా కూడా వాళ్లతోనే ఉన్నాడు. సందేహం తీరి రాలేదు, సందేహంతోనే వచ్చాడు. వాళ్లూ అతన్ని బయటికి పంపలేదు. యేసు అతనికి కనబడింది ఆ రోజే. ప్రతివారం వెళ్లమని నేననేది ఇందుకే. ఏ వారం ఏ మాట మనల్ని తాకుతుందో ముందుగా తెలియదు. చాలా వారాలు ఏమీ అనిపించకపోవచ్చు. మనసు బాగున్నప్పుడే వెళ్దామనుకుంటే, అది బాగయ్యే దారి మనమే మూసుకున్నట్టవుతుంది. పాడలేకపోతే పాడకండి, ఊరికే నిలబడండి. అది నటన కాదు.

మొదటిసారి మీవారిని పక్కనే కూర్చోమనండి. తలుపు దగ్గర చోటు చూసుకోండి. ఏడుపొస్తే రానివ్వండి, మరీ కష్టమైతే లేచి వచ్చేయండి. వచ్చేవారం మళ్లీ వెళ్లండి. వెళ్లే ముందే పాస్టర్ గారికో, పాస్టరమ్మ గారికో ఆవిడ అన్న మాట చెప్పండి. అది తప్పు బోధ అని వాళ్లు నోరు తెరిచి చెప్పాలి. వాళ్లూ ఆవిడనే సమర్థిస్తే ఇంకో సంఘం వెతుక్కోవడంలో తప్పు లేదు. ఆరాధనే లేకుండా ఉండిపోవద్దు.

మీవారితో ఆదివారం పొద్దున వాదించకండి, వారం మధ్యలో తీరిగ్గా మాట్లాడండి. ఆయన కోపం వెనక భయం ఉండి ఉంటుంది. చర్చిలో ఆవిడ మాట విన్నప్పుడు మీకేమైందో ఆయనకు పూర్తిగా చెప్పారా? మీ ఉత్తరంలో ఆ సంగతి లేదు.

అబ్బాయికి ఉపన్యాసం వద్దు. తాతను పోగొట్టుకున్న బాధ వాడికీ ఉంది. ‘నాకు దేవుడి మీద కోపమొచ్చిందిరా, ఇప్పటికీ పూర్తిగా పోలేదు, అయినా ఈ వారం వెళ్తున్నాను, తోడొస్తావా’ అని అడగండి. పద్నాలుగేళ్లవాడు ఆజ్ఞను ఎదిరిస్తాడేమో గానీ, అమ్మ తోడడిగితే కాదనడం కష్టం.

నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, బతకాలనిపించకపోవడం లాంటివి ఉంటే వెంటనే డాక్టర్‌ని కలవండి. ప్రార్థన చేసుకుంటూ మందు వాడడం అవిశ్వాసం కాదు.

42వ కీర్తన రాసినాయన రాత్రింబగళ్లు కన్నీళ్లే తనకు ఆహారమయ్యాయన్నాడు. అంత ఏడుపులోనూ, ఒకప్పుడు జనంతో కలిసి దేవుని మందిరానికి నడిచిన రోజులనే తలుచుకున్నాడు. ఈ శనివారం రాత్రి మీరూ అబ్బాయీ కలిసి ఆ కీర్తన చదవండి. నాన్నగారు చర్చిలో ఎక్కడ కూర్చునేవారో, ఏ పాట గట్టిగా పాడేవారో వాడికి చెప్పండి.