బొగ్గు ఊళ్లలో ఫిన్‌టెక్ వల్ల పరిశ్రమలు మారతాయా? గోదావరిఖనిలో నేను చూసింది

బొగ్గు మీదే బతికే ఊళ్లలో ఫోన్ పేమెంట్లు, ఆన్‌లైన్ లోన్ల వల్ల పరిశ్రమలు నిజంగా మారతాయా అని అడిగారు. మారతాయి. కానీ షాపులో యూపీఐ స్కానర్ పెట్టినంత మాత్రాన కాదు.

మా నాన్న సింగరేణి బొగ్గు కంపెనీలో బాయి (గని) పని చేశారు. 1990ల మొదట్లో లక్షకు పైగా ఉన్న కార్మికులు ఇప్పుడు 40 వేల దగ్గరికి వచ్చారు. నేల పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్ట్ గనులతో బొగ్గు పెరిగింది, కొలువులు తగ్గాయి. అందుకే నేను వెల్డింగ్ షాపు పెట్టాను. అయినా పని బొగ్గుదే: టిప్పర్ బాడీలు, కన్వేయర్ ఫ్రేములు. బిల్లు ఇచ్చాక డబ్బు రావడానికి మూడు నాలుగు నెలలు.

వేరే ఆర్డర్ పట్టాలంటే ముందు ఇనుము కొనాలి. బ్యాంకుకు వెళ్తే ఇంటి కాగితాలు అడిగారు. మా ఊళ్ల అసలు చిక్కు ఇదే. చాలామంది ఇళ్లు కంపెనీ నేల మీద ఉన్నాయి. పట్టా లేకపోతే తాకట్టు లేదు, తాకట్టు లేకపోతే లోన్ లేదు. మిగిలేది ప్రైవేటు వాళ్లిచ్చే గిరిగిరి అప్పు, దాని భారీ వడ్డీ, లేదా బొగ్గు కాంట్రాక్టర్ ఇచ్చే అడ్వాన్స్. అడ్వాన్స్ తీసుకుంటే మళ్లీ ఆయన పనే చేయాలి.

2017లో జీఎస్టీ వచ్చాక రిటర్నులు వేయక తప్పలేదు. కొన్నేళ్లకు ఆ రిటర్నులు, యూపీఐ జమలున్న బ్యాంకు స్టేట్‌మెంట్ చూసి ఆన్‌లైన్‌లో లోన్లిచ్చే ఒక సంస్థ తాకట్టు లేకుండా 4 లక్షలు ఇచ్చింది. వడ్డీ బ్యాంకు కన్నా ఎక్కువే, గిరిగిరి కన్నా చాలా తక్కువ. ఆ డబ్బుతో ఇనుము తెచ్చి సుల్తానాబాద్ వైపు రైస్ మిల్లులకు ధాన్యం పైకి చేర్చే ఎలివేటర్లు, ధాన్యం పోసే హాపర్లు చేశాను. బొగ్గుతో సంబంధం లేని మొదటి పని అది.

ట్రెడ్స్ (TReDS) అనే ఆన్‌లైన్ వేదిక గురించి కూడా తెలుసుకోండి. చిన్న షాపుల బిల్లులకు ముందే డబ్బు ఇప్పించేది అది. పెద్ద కంపెనీకి ఇచ్చిన బిల్లును అందులో పెట్టి, కంపెనీ ఒప్పుకుంటే, బ్యాంకులు పోటీపడి దాన్ని కొంటాయి. డబ్బు ఒకటి రెండు రోజుల్లో వస్తుంది. వడ్డీ ఆ కంపెనీ పరపతిని బట్టి ఉంటుంది. గడువుకు కంపెనీ కట్టకపోయినా మనల్ని అడగరు. అయితే కంపెనీ ఒప్పుకోవడమే కష్టం. నేను పని చేసిన ఒక సంస్థ ఆ ఒక్క క్లిక్ కోసం నన్ను నెలల తరబడి తిప్పింది. 45 రోజుల్లో చెల్లించాలన్న చట్టం ఉన్నా, మళ్లీ ఆర్డర్ ఇవ్వరేమోనన్న భయంతో ఫిర్యాదు చేయలేకపోయాను.

ఇన్‌స్టంట్ లోన్ యాప్‌లను మాత్రం దీంతో కలపకండి. మా బస్తీలో ఔట్‌సోర్సింగ్ పనులు చేసే కుర్రాళ్లు వాటితో పడ్డ టెన్షన్ చూశాను. ఆ అప్పులతో ఊళ్లో ఒక్క మిషన్ కూడా రాలేదు.

మీ ఊరికి దగ్గరలో బొగ్గుతో పనిలేని కొనుగోలుదారులు ఉన్నారా, ముందు అది చూడండి. మాకు రైస్ మిల్లులు ఉన్నాయి. ఇంకో బొగ్గు ఊరు బెల్లంపల్లిలో నా దోస్తుకూ ఇలాంటి లోనే దొరికింది, కానీ చుట్టుపక్కల పని దొరకలేదు. లేత్ మిషన్ బండికెక్కించి కరీంనగర్ తీసుకెళ్లాడు.